మూతి మీద అరచెయ్యి

గాబ్ అంటే నోరనుకుంటారు.
నోరంటే మర్యాద ఎక్కువైపోతుంది:
డాక్టరు తెరవమనేది నోరు,
ఆదివారం చర్చిలో పాడేది నోరు.
గాబ్ అంటే మూతి.
"మూతి ముయ్" అని మా వీధి తల్లులు
కిటికీలోంచి విసిరే ఆ మూతి.
స్మాక్‌కి అర్థం చెప్పక్కర్లేదు,
చప్పుడే అర్థం.

రెండూ కలిపి కుడితే గాబ్‌స్మాక్డ్:
ఎవరో చాచి ఒక్కటిచ్చినట్టు
మాట పళ్ల వెనకే నిలిచిపోయిన మనిషి.

కొట్టిందెవరు? ఎప్పుడు?
నెల్సన్ లైబ్రరీలో నిఘంటువు ముందేసుకుని
పుట్టుక వెతికాను.
బహుశా ఐర్లండ్‌ది,
బహుశా స్కాట్లండ్ కొండలది,
పక్షి ముక్కని అర్థం, బహుశా.
ఇంత కండపట్టిన మాటకి
తండ్రి పేరు రాసే చోట మూడు బహుశాలు.

"బహుశా ఏంటి, అది మాదే" అన్నాడు
మేయో నుంచి వచ్చి కాలువ వంతెన కింద
సైకిళ్లు బాగుచేసే ఫింటన్ డెవానీ.
"మా అమ్మ కోళ్లకి గింజలు చల్లుతూ అనేది."
బ్రేకు తీగ కోసం వచ్చిన లివర్‌పూల్ ఆయన ఒప్పుకోలేదు.
రేవులో పుట్టిందన్నాడు,
వాళ్ల నాన్న చేతిలో పెరిగిందన్నాడు,
రుజువుగా ఊడిన పన్ను జాగా చూపించాడు.
నేనొక గాబ్‌స్టాపర్ కొనుక్కుని
ఆ గుండ్రటి చక్కెర బిరడా బుగ్గన పెట్టుకుని
ఎవరితోనూ వాదించకుండా ఇంటికొచ్చాను.

మా అమ్మమ్మ హిల్డా ఎంట్విజిల్ చెప్పే కథ వేరు.
ఇరవై తొమ్మిదేళ్లు మగ్గాల షెడ్డులో నిలబడ్డ మనిషి.
నాలుగొందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే
ఆకాశం ఉరిమినా తెలియదు.
అక్కడ మాటకి గొంతు ఉండేది కాదు, మూతి ఉండేది.
పెదాలు సాగదీసి, విరిచి, సున్నా చుట్టి
ఈ చివర నుంచి ఆ చివరకి
ఎవరికి నెల తప్పిందో
ఎవరి మొగుడు తాగి గేటు దగ్గర పడ్డాడో
నూలు తెగకుండా అందించేవాళ్లు.
"మరి రహస్యం చెప్పాలంటే?" అని అడిగేదాన్ని.
అరచెయ్యి మూతికి అడ్డం పెట్టి చూపించేది.
అక్కడ అదొక్కటే తలుపు.

మిల్లు మూసేసిన రోజు బుధవారం.
టీ వేళ కాకుండానే బెల్టులు ఆగాయి.
నిశ్శబ్దం వచ్చి కొట్టిందట, తడిగుడ్డతో కొట్టినట్టు.
ఇక గొంతు వాడొచ్చని
కాసేపు ఎవరికీ తట్టలేదు.
ఇంకా పెదాలతోనే అడుగుతున్నారు,
ఏమైంది, ఏమైంది.
ఐవీ గ్రీన్‌హాల్ష్, షెడ్డుకల్లా పెద్ద వాగుడుకాయ,
తన చెయ్యి తనే లేపి
తన మూతి మీద తనే వేసుకుంది.
"చూశావా, పైవాడెవడూ కొట్టలేదు.
అలా పుట్టిందా మాట" అనేది అమ్మమ్మ.
నిఘంటువు వాళ్లకి ఉత్తరం రాద్దామనుకున్నాను.
తేదీలు కలవలేదు.
ఆ బుధవారానికే మాట ముసలిదైపోయింది.

పోయిన మార్చిలో ఆమెకి చెవి మిషన్ పెట్టించాం.
ఎనభై ఆరేళ్లు. చెవులు షెడ్డు ఎప్పుడో తినేసింది.
కుర్రాడు ఏదో మీట తిప్పి
"ఏదైనా మాట్లాడండి" అన్నాడు నాతో.
పుట్టినప్పట్నుంచీ ఆమె ముందు
మూతి సాగదీసి మాట్లాడిన దాన్ని,
ఏమీ తోచక
"కెటిల్ పెట్టనా?" అన్నాను.
ఆ గదిలో కెటిల్ లేదు.

అమ్మమ్మ అప్పుడు గోడ వైపు చూస్తోంది.
చూస్తూనే విన్నది.
చెయ్యి లేచింది,
మూతి మీద పడింది,
ఆ చిన్న చప్పుడు కూడా విన్నట్టుంది,
ఉలిక్కిపడింది.

అరచేతి వెనక పెదాలు కదులుతున్నాయి.
వాటిని చదవడం ఒక్కటే
ఆమె నాకు నేర్పిన చదువు.
చెయ్యి తియ్యమని ఎలా అడగను.